కడలి దాటు పద్యం: టీకా, తాత్పర్యం, కొంత అధికప్రసంగం

ఆ.వె.
నాగపట్టణంపు నౌక నెక్కితిమేని
నాల్గు గంటలందు నవ్వు లంక
గగనమందు పోవు ఘనున కెట్లు తెలియు
కడలి దాటు వాని కడుపు బాధ

టీక: నాగపట్టణంపు = తమిళనాడులోని నాగపట్నం రేవుకు చెందిన; నౌకన్ = ఓడను (2023 అక్టోబరు 14న బయలుదేరిన ‘చెరియపాణి’ అని కొందరు. అది కొద్ది రోజులే తిరిగింది గనుక, 2024 ఆగస్టు 16 నుంచి నడిచిన ‘శివగంగై’ అనుటే సమంజసము); ఎక్కితిమేని = పాస్‌పోర్టు, వీసా అనుమతి చూపి, కస్టమ్స్ వారి ప్రశ్నలకు బదులిచ్చి, చిట్టచివరకు ఎక్కినచో; నాల్గు గంటలందు = గాలి మన పక్షమైతే; లంక = యాళ్పాణం (జాఫ్నా) చేరువనున్న కంకేశన్‌తురై రేవు; నవ్వు = కనబడును; గగనమందు పోవు ఘనునకు = కిటికీ సీటుకు అదనంగా డబ్బు కట్టినవానికి; కడుపు బాధ = స్పష్టము.

తాత్పర్యం: విమానంలో వెళ్లినవాడు లంకను చూసినవాడే గాని, మధ్యనున్న నూటపది కిలోమీటర్ల నీటిని లెక్కించినవాడు కాడు.

ఇక్కడ పూర్వపక్షి లేచి, చెన్నై నుంచి యాళ్పాణానికి విమానం గంటంపావులో దిగుతుంది కదా, నాలుగు గంటలు ఊగడమెందుకు అంటాడు. విమానాశ్రయంలో క్యూలో నిలబడ్డ కాలం కలుపుకోలేదని సిద్ధాంతి జవాబు. మరి నాగపట్నం దాకా రాత్రంతా రైల్లో కూర్చున్నది ఎవరి ఖాతాలో వేస్తారు స్వామీ అని పూర్వపక్షి. ఈ వాదంలో సిద్ధాంతి ఓడాడు. అయినా వ్యాఖ్యాత ఆయన పక్షమే.

‘కడుపు బాధ’ అతిశయోక్తి కాదు, స్వభావోక్తి. గది గోడ కదలడం లేదని కళ్లు చెబుతాయి, ఊగుతోందని లోపలి చెవి చెబుతుంది. సాక్షుల మాట కలవనప్పుడు శిక్ష కడుపుకి పడుతుంది. ఓడ నడిమి భాగాన కూర్చుని, చూపు దిగంతం మీద నిలిపితే రెండు సాక్ష్యాలూ కొంత దగ్గరకొస్తాయి. ఫోనులో సినిమా చూసేవాణ్ణి రక్షించే శాస్త్రం లేదు. ఈశాన్య రుతుపవనాల వేళ ఓడనే ఆపేస్తారు గనుక, అప్పుడు పద్యం మొదటి పాదమే నిలవదు.

పాఠాంతరం: ‘ధనుష్కోటి’ అని పాత ప్రయాణికుల పాఠం. 1914లో పాంబన్ వంతెన తెరిచాక, మద్రాసు ఎగ్మూరులో బోట్ మెయిల్ ఎక్కినవాడు ధనుష్కోటిలో స్టీమరుకు మారి, తలైమన్నారులో మళ్లీ రైలెక్కి కొలంబోలో దిగేవాడు. ఆ పాఠం పోయింది గణభంగం వల్ల కాదు. 1964 డిసెంబరు తుపాను ఊరినే ఊడ్చేసింది.

పద్యంలో లేని సంగతి మరొకటి. జాగా దొరికితే వ్యాఖ్యాత వదలడు. లంకలోని కండీ రాజులు మదురై నాయకర్ల ఇళ్ల నుంచి పిల్లను తెచ్చుకునేవారు. అలా వియ్యమందిన ఒక రాజుకు తెలుగు మూలాల బావమరిదిగారే 1739లో గద్దెనెక్కారు. వంశంలో చివరివాణ్ణి 1815లో ఆంగ్లేయులు దించి, తర్వాత వేలూరు కోటకు పంపారు. రాకా ఓడ మీదే, పోకా ఓడ మీదే. ఆ పెళ్లికూతుళ్లకు దారిలో కడుపు తిప్పిందో లేదో చరిత్రకారులు పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ టీక ఇంకో రెండు పుటలు సాగేది.