ఇరవై కిలోల పెద్దరికం

పదహారేళ్లు నిండితే పెద్దవాడే, పెద్దవాడిగానే విచారించండి అన్న గోల మళ్లీ మొదలైంది. సరే, ఒడిశాలోని కొరాపుట్, రాయగడ కొండల్లో పెద్దరికం ఎలా వస్తుందో చూద్దాం. ఇక్కడ నూనూగు మీసాలతో పనిలేదు, కాటా చాలు. గంజాయి 20 కిలోలు దాటితే మత్తుమందుల నిరోధక (ఎన్‌డీపీఎస్) చట్టంలో కనీస శిక్ష 10 ఏళ్లు. పదహారు నిండిన బాలుణ్ని పెద్దవాడిగా విచారించాలంటే బాలల న్యాయ చట్టం ప్రకారం అది ‘ఘోర నేరం’ కావాలి; కనీస శిక్ష 7 ఏళ్లో, అంతకు మించో ఉంటేనే ఘోర నేరమని 2020లో శిల్పా మిత్తల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే 19 కిలోలు మోసినవాడు పసివాడు, 21 కిలోలు మోసినవాడు పెద్దరికానికి అభ్యర్థి! 2024లో పుణెలో ఖరీదైన కారు ఢీకొని ఇద్దరు చనిపోతే, దాన్ని నడిపాడన్న పదిహేడేళ్ల కుర్రాడికి మొదట బెయిలిచ్చి 300 మాటల వ్యాసం రాయమన్నారు. హత్య కాని నరహత్యకు ఆ కనీస శిక్ష లేదు కనుక అది ‘ఘోరం’ కిందకు రాదు. ఆ కుర్రాణ్ని బాలుడిగా చూడటం తప్పనడం లేదు. కొండమీది పిల్లాడూ బాలుడేనంటున్నాను.

ఇక బాలల న్యాయ చట్టం 15వ సెక్షన్ పరీక్ష. నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం ఉందా, పర్యవసానం తెలుసా అని బాల న్యాయ మండలి అంచనా వేయాలి. శారీరక సామర్థ్యానికేం లోటు? కట్టెల మోపో చోళ్ల మూటో నెత్తిన పెట్టుకుని గట్టు దిగి సంతకు నడిచే పిల్లలు 20 కిలోలు మోయగలరనడానికి వేరే సాక్ష్యం కావాలా? పర్యవసానమా? మూట చేరిస్తే కూలి డబ్బులొస్తాయి, వాడికి తెలిసిన పర్యవసానం అదే. ఈ కొండల భాషలైన కువిలోనో దేశియాలోనో ఆలోచించేవాడి మనసును ఏ భాషలో తూస్తారు? మండలిలో నిపుణులు లేకపోతే మనస్తత్వవేత్తల సాయం తప్పనిసరని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది. బడి ఎందుకు మానాడో, ఇంట్లో ఎన్నేళ్లు దెబ్బలు తిన్నాడో, ఎవరి అప్పు తీర్చడానికి ఈ మూట ఎత్తాడో అడగకుండా వాడి సామర్థ్యం కొలవడం న్యాయం కాదు, సిగ్గుమాలినతనం.

శిక్ష తక్కువని తెలిసే ముఠాలు పిల్లలను వాడుకుంటున్నాయి, జనం భద్రత మాటేమిటి అంటారు. వాడుకునేది ముఠాలైతే పట్టాల్సింది ముఠాలనే కదా! పిల్లలచేత మత్తుపదార్థాలు మోయించినవాడికి 7 ఏళ్ల వరకు కఠిన జైలు అని అదే బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ చెబుతోంది. ఒక సెక్షన్‌లో బాధితుడు, ఇంకో సెక్షన్‌లో ముదురు నేరస్థుడు, ఇద్దరూ ఒకే పిల్లాడు. భద్రతే కావాలంటే రుజువులు చూడండి. మైనర్లను పెద్దల కోర్టులకు పంపిన అమెరికాలో, అలా వెళ్లినవారు మళ్లీ హింసకు దిగడం పెరిగిందని 2007లో అక్కడి నిపుణుల బృందం తేల్చింది. ఢిల్లీ సామూహిక అత్యాచార ఘోరం తర్వాత దేశం రగిలిపోతున్న 2013 జనవరిలోనూ జస్టిస్ వర్మ కమిటీ బాలుడిగా లెక్కించే వయసు తగ్గించడానికి ఒప్పుకోలేదు. పట్టుకున్న గంజాయి బస్తాలు పేర్చి ఫొటోలు దిగడం మానమని పోలీసులను అనను. కింద ఎన్ని కిలోలో రాస్తారుగా, 78వ సెక్షన్ కింద ఎందరిని పట్టుకున్నారో కూడా రాయండి.