నాట్ పెట్టేసే నెట్ అబ్బాయి

నరసరావుపేట, మాచర్ల, గురజాల వీధుల్లో నెట్ అబ్బాయిని ఆనవాలు పట్టడం తేలిక. భుజాన ఫైబర్ చుట్ట, బండికి తగిలించిన సంచిలో రెండు రూటర్లు, మెడ వంచి భుజానికి నొక్కిపెట్టిన ఫోను. ఏ గడప తొక్కినా మొదటి మాట, “ఒకసారి ఆపి ఆన్ చేశారా అన్నా?” రెండో మాట, “నాట్ పెట్టేద్దాం.” మూడో మాట ఇంతవరకు ఎవరూ విన్నట్టు లేదు.

మేడ మీదికి సిగ్నల్ అందక రెండో రూటర్ బిగించేటప్పుడు అతని ముందు రెండు దారులుంటాయి. రూటింగ్ పెడితే ప్యాకెట్ తన సొంత చిరునామాతోనే మొదటి రూటర్‌కు చేరుతుంది. జవాబు తిరిగి రావాలంటే మాత్రం ఆ మొదటి రూటర్‌లో, 192.168.2తో మొదలయ్యే మేడ మీది చిరునామాలకు వచ్చేవన్నీ రెండో రూటర్ ఉన్న 192.168.1.2 దగ్గరికి పంపమని ఒక రూటు రాయాలి. రాయకపోతే పోయినవి పోవడమే, తిరిగి రావు. రెండో దారి నాట్, అంటే చిరునామా మార్చే పద్ధతి; దానికి ఆ బెడద లేదు. రెండో రూటర్ ప్రతి ప్యాకెట్ మీదా పంపినవారి చిరునామా కొట్టేసి తనది వేస్తుంది. ఏ పోర్టు ఎవరిదో పట్టికలో రాసుకుని, జవాబు రాగానే ఎవరిది వారికి ముట్టజెబుతుంది. మేడ మీద ఇంకో నెట్‌వర్క్ ఉందన్న సంగతే మొదటిదానికి తెలియదు.

నాట్ అంటే అతనికి ప్రాణం అందుకే. ఇళ్లలో మొదటి రూటర్ నెట్ కంపెనీది, పాస్‌వర్డ్ ఆఫీసులో ఉంటుంది, ఆఫీసులో ఫోన్ ఎత్తరు. పల్నాటి పౌరుషం ఒకరిని అడగనివ్వదని గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, అడిగినా ఎత్తరన్నదే నిజం. అక్కడ నాట్ పెట్టడాన్ని తప్పుపట్టలేం.

పిడుగురాళ్ల సున్నం బట్టీ ఆఫీసులో సంగతి వేరు. రెండు రూటర్లూ యజమానివే, రెండు పాస్‌వర్డులూ అబ్బాయి పెట్టినవే. అయినా నాటే. కెమెరాల రికార్డర్ (డీవీఆర్) రెండో రూటర్ వెనకకు పోతుంది, గుమాస్తా కంప్యూటర్ మొదటిదాని మీద ఉంటుంది. గుమాస్తాకు సినిమా కనిపిస్తుంది, బట్టీ కనిపించదు. “నెట్ వస్తందిగా బాబాయ్!” అంటాడు అబ్బాయి. ఒక్క రూటు రాసి నాట్ తీసేస్తే తీరే పని. హైదరాబాదులో ఉన్న యజమాని కొడుకు చూడాలంటే ఇంకా చిక్కు. రెండు రూటర్లలోనూ పోర్టు తెరిచినా, పైన కంపెనీ వారి నాట్ ఉండవచ్చు. మొదటి రూటర్ బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు కనిపిస్తే అది ఉన్నట్టే.

నిజానికి 1994లో ఆర్ఎఫ్‌సీ 1631 అనే ఇంటర్నెట్ పత్రంగా వెలువడినప్పుడు నాట్ చిరునామాల కొరతకు తాత్కాలిక ఉపాయమే. ఐపీవీ4లో ఉన్న చిరునామాలు దాదాపు 429 కోట్లే మరి. తాత్కాలికమని వేసిన రేకుల షెడ్డులాగే అదీ స్థిరపడిపోయింది.

రెండు రూటర్లూ చేతిలో ఉంటే రూటింగ్, మొదటిది పరాయిదైతే నాట్. మేడ మీద వైఫై అందితే చాలనుకునే ఇంటికి ఈ రెండూ అక్కర్లేదు. రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టమని అడగండి. చాలా రూటర్లలో అది ఒక్క టిక్కు పని.