ఫోర్‌మన్ గారి జీఐ వ్రతం

కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాకా ఏ వీధిలో బాత్రూం టైల్సు పగులుతున్న చప్పుడు వినిపించినా, కాసేపట్లో ఆ గుమ్మంలో ఒకాయన ప్రత్యక్షమవుతారు. జేబులో కొలత టేపు, మెళ్లో తాడుకి వేలాడే కళ్లజోడు, చేతిలో టార్చి. విశాఖ స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. ఎవరూ పిలవరు. పిలిస్తేనే వచ్చేవాడు ఇంజనీరు. ఫోర్‌మన్ చప్పుడు వింటే వస్తాడు.

"ఏం పైపు వేయిస్తున్నారు?" అని అడుగుతారు గానీ జవాబు కోసం ఆగరు. "జీఐ వేయించండి, జింకు పూసిన ఇనుము. బీ క్లాసు. నీలం పట్టీ ఉంటుంది చూసుకోండి. పసుపు పట్టీ ఏ క్లాసు, అది ఉత్త పల్చన. ఎర్ర పట్టీ సీ క్లాసు, మీకంత అక్కర్లేదు. ఐఎస్ 1239 అని రాసుకోండి." మనవడి పుట్టినరోజు మర్చిపోయి ఇంట్లో చీవాట్లు తింటారు కానీ, ఐఎస్ నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా తప్పరు.

తమాషా ఏమిటంటే, ఆయన ఉద్యోగం చేసిన ప్లాంటు నీళ్ల పైపులు తయారుచేయదు. కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్లు, చానళ్లు, ఇవీ అక్కడి సరుకు. కోడలు ఓసారి ఆ మాటే అడిగింది. "మావయ్యగారూ, మీ దగ్గర పైపులు చెయ్యరు కదండీ?" ఆయన ఒక్క క్షణం తడబడి, "ఇనుము ఇనుమేనమ్మా" అన్నారు. ఆ ఇంట్లో కృష్ణా, గోదావరీ, అన్నపూర్ణా అంటే నదులూ దేవతా కారు, ప్లాంటులోని బ్లాస్ట్ ఫర్నేసులు. "గోదావరి వేడెక్కింది" అని ఆయన నిద్రలో కలవరిస్తే ఎవరూ కంగారు పడరు.

ఈ అభిమానాన్ని నేను పూర్తిగా వెక్కిరించలేను. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జనం రోడ్డెక్కితే ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. ప్లాంటు జాతికి అంకితమయ్యేసరికి 1992 వచ్చింది. ఇనుము కోసం అంతకాలం ఎదురుచూసిన ఊరివాణ్ణి పట్టుకుని, బాత్రూంలో ప్లాస్టిక్ వేసుకోమంటే మనసొప్పుతుందా? షిప్‌యార్డులో రిటైరైనవాడిది ఇంకో పాట. ఓడల్లో సముద్రపు నీటి లైనుకి రాగి-నికెల్ వాడతారు కాబట్టి, కొళాయికీ రాగే వేయమంటాడు. ఈ ఊళ్లో పైపు మెటీరియల్ నిర్ణయించేది నీళ్లు కాదు, పెన్షను.

అలాంటి ఫోర్‌మన్ గారికి ఓ ఇంటి బాత్రూం పనిలో శ్రీకాకుళం ప్లంబరు ఎదురుపడ్డాడు.

"గోడలో ఇనప పైపు ఎవులేస్తారండి బాబూ ఇప్పుడు? మొన్న ఎంవీపీ కాలనీలో పాత లైను పీకినాను. ముప్పావు పైపండి. నోపల పెన్సిలు దూరనేదు."

"నీళ్లు మంచివి కావు" అన్నారు ఫోర్‌మన్ గారు.

నీళ్ల తప్పు కొంతే. ఇనుముకి కాపలా దానిమీది జింకు పూత. జాయింటు కోసం పైపు చివర త్రెడ్డింగు కొడితే ఆ పూత అక్కడే ఊడిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. లోపల పొరలు పేరుకుని దారి మూసుకుపోతుంది. బయట సముద్రపు ఉప్పుగాలి ఎలాగూ ఉంది. కిటికీ ఊచల్ని వదలని గాలి పైపుని వదులుతుందా? ఇదంతా ఆయనకి తెలియదా? మనకన్నా బాగా తెలుసు. తెలిసినా ఒప్పుకోరు.

ఈలోగా ఇంటాయన చవకని తెల్లటి యూపీవీసీ పైపులు తెచ్చి పడేశాడు. అవి చన్నీళ్లకే పనికొస్తాయి, గీజరు లైనుకి వేస్తే మెత్తబడిపోతాయి. వేడినీళ్లకైతే మీగడ రంగు సీపీవీసీ ఉండాలి, అది 93 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. "చూశారా, అందుకే జీఐ!" అంటూ ఫోర్‌మన్ గారు మళ్లీ లేచారు. ప్లంబరు ఆయన్ని ఎగాదిగా చూసి, ఏమీ అనకుండా వెళ్లి, ఆకుపచ్చ పీపీఆర్ పైపులూ, ఇస్త్రీపెట్టెకి అన్నయ్యలాంటి ఓ మిషనూ పట్టుకొచ్చాడు.

పైపునీ సాకెట్టునీ దానిమీద కాల్చి, కరుగుతుండగా ఒకదాంట్లో ఒకటి దించితే రెండూ ఒకటైపోతాయి. గమ్ముండదు, త్రెడ్డింగుండదు. ఫోర్‌మన్ గారు వంగి చూశారు.

"ఎన్ని డిగ్రీలు?"

"260 అండి."

"అంతేనా! మా గోదావరిలో ఇనుము 1,400 దాటేది" అన్నారు గానీ, కళ్లజోడు పెట్టుకున్నారు. రెండో జాయింటుకి పైపు పట్టుకున్నారు. మూడోదానికి "ఇంకో సెకను ఉంచరా" అని సలహా ఇచ్చారు. సాయంత్రానికి, "ప్లాస్టికే అనుకో, కానీ వెల్డింగు వెల్డింగే" అని వీధంతా వినేలా తీర్పు చెప్పేశారు. సీపీవీసీతోనూ ఆ పని చక్కగా జరిగేది. కాకపోతే అందులో నిప్పు లేదు.

ఇక అసలు ఘట్టం. లైనంతా బిగించాక ప్లంబరు సామాను సర్దుకుంటుంటే, టైల్సు మేస్త్రీ సిమెంటు కలపబోయాడు. "ఆగు!" అన్నారు ఫోర్‌మన్ గారు. చేతిపంపు తెప్పించి, లైన్లో నీళ్లు నింపి ప్రెజరెక్కించి, మీటరెదురుగా కుర్చీ వేసుక్కూచున్నారు. మేస్త్రీ గొణిగాడు. ఇంటాయన వాచీ చూసుకున్నాడు. ఆయన కదల్లేదు. మీటరు ముల్లు మాత్రం కదిలింది. షవరు దగ్గర ఇత్తడి ఎల్బో చెమర్చుతోంది. టైలు పడి ఉంటే అది ఏడాది తరవాత పక్కగదిలో పెయింటు ఉబ్బినప్పుడు బయటపడేది.

పైపుల మీద ఆయన మాట వినొద్దు. టెస్టు మీద మాత్రం వినండి. మీ ఇంట్లో పని పెట్టుకుంటే మెటీరియల్ సంగతి ప్లంబరుకి వదిలేసి, ప్రెజరు మీటరు ముందు ఫోర్‌మన్ గారికి కుర్చీ వేయండి. టైల్సు మేస్త్రీని మర్నాడు రమ్మనండి.