ఆరు కోళ్ల ఆటవెలది: టీకా తాత్పర్యసహితం

ఎండ మండు వేళ యింటి వెనుక కోడి
రెక్క లెత్తి రొప్పె ముక్కు తెరచి
తెల్లవారకుండ దిక్కు లదర పుంజు
కూసి పొరుగువారి కునుకు చెరచె.

అవతారిక: ఈ పద్యానికి కవి, వ్యాఖ్యాత ఒక్కరే. కవి హృదయం తెలిసినవాడు వ్యాఖ్యకు పనికిరాడని ఒక వాదం ఉంది. తెలియకపోబట్టే వ్యాఖ్యానాలు అంత లావుగా వస్తాయట. ఏం చేస్తాం, పద్యం పుట్టి ఏడాదైనా ఇంకెవరూ పూనుకోలేదు. దేశం అరిజోనా, ఫీనిక్స్ నగరపు పొలిమేర. కాలం జులై. పాత్రలు అయిదు పెట్టలు, ఒక పుంజు, పక్కింటి పెద్దాయన. నాయకుడెవరన్నది మొదటి రెండు పాదాల్లో తేలదు. మూడో పాదంలో ఆయనే చెప్పుకుంటాడు, అందరూ వినేట్టు.

ప్రతిపదార్థం: ఎండ = సూర్యుని వేడిమి; మండు వేళ = మండుచున్న సమయమున, అనగా ఉదయము తొమ్మిది మొదలు రాత్రి తొమ్మిది వరకు; యింటి వెనుక = పెరటియందు, ఒక్కొక్కప్పుడు వంటింటి గడపమీద; కోడి = పెట్ట; రెక్కలు ఎత్తి = చంకలలో గాలి ఆడునట్లు రెక్కలను ఒంటికి ఎడముగా పట్టి; ముక్కు తెరచి = నోరు తెరచి; రొప్పెన్ = ఎగరోజెను; తెల్లవారకుండ = ఇంకను చీకటి ఉండగనే; దిక్కులు అదరన్ = నాలుగు దిక్కులును, అందు ముఖ్యముగా తూర్పు గోడ అవతలి పడకగదియు, అదరునట్లు; పుంజు = పుంజు; కూసి = కూత కూసి; పొరుగువారి = పక్కింటివారి యొక్క; కునుకు = అరకొర నిద్రను; చెరచెన్ = పాడుచేసెను.

తాత్పర్యం: పగలు పెట్ట రొప్పింది. రాత్రి పుంజు కూసింది. పెద్దాయన మా తలుపు కొట్టాడు. (మూడో వాక్యం పద్యంలో లేదు, ధ్వని.)

విశేషాలు: "మండు" దగ్గర ఒక శంక. రెంటచింతలలో మాత్రం ఎండ మండదా? మండుతుంది. కాని అక్కడ జూన్‌లో మబ్బు పడుతుందన్న ఆశతో మనిషీ కోడీ నెట్టుకొస్తారు. ఫీనిక్స్‌లో ఏడాది మొత్తానికి పడేది దాదాపు 18 సెంటీమీటర్ల వాన. 2023లో జూన్ 30 నుంచి జులై 30 దాకా వరసగా 31 రోజులు పగటి ఎండ 43 డిగ్రీలు దాటింది. అందులో ఒక రాత్రి 36 డిగ్రీల కన్నా కిందికి దిగనేలేదు. కవి నాలుగో పాదంలో "నిద్ర" అనకుండా "కునుకు" అన్నది ఇందుకే. అటువంటి ఊళ్లో జులై నెలలో ఎవరికీ నిద్ర ఉండదు. లేనిదాన్ని పుంజు మాత్రం ఎలా చెరుస్తుంది?

"కోడి" అని ఏకవచనం. పెట్టలు అయిదు కదా అంటే, జాతిని చెప్పే ఏకవచనం అని సమాధానం. అసలు సంగతి వేరు. బహువచనం పెట్టినా గణం చెడదని కవికి అప్పుడు తోచలేదు.

"రెక్క లెత్తి", ఇక్కడ ఆగాలి. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపూ రెక్కలెత్తితే ఒంట్లో వేడి కొంత బయటికి పోతుంది. తలమీది జుట్టు, గదవ కింద వేలాడే తమ్మెలు, వాటిలో పారే నెత్తురు ద్వారా ఇంకొంత పోతుంది. గాలి 43కు చేరాక ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు రెక్కలెత్తితే వేడి బయటికి పోదు, లోపలికొస్తుంది. ఇక మిగిలింది నోటి తడి ఒక్కటే. అందుకని కవి "రెక్క లెత్తి" తరవాత ఊపిరి తీసుకోకుండా "రొప్పె" అన్నాడు. రొప్పేటప్పుడు మా తెల్లపెట్టను దగ్గర కూర్చుని చూశాను. గొంతు కింద చర్మం కుట్టుమిషన్ సూదిలా ఆగకుండా అదురుతుంది. కళ్లు సగం మూతపడతాయి. చప్పుడు మాత్రం ఉండదు.

అంత రొప్పితే నెత్తుట్లోని బొగ్గుపులుసు గాలి ఎక్కువగా బయటికి పోతుంది. గుడ్డు పెంకుకు కావలసిన సరుకు తగ్గుతుంది. జులైలో వచ్చిన ఒక గుడ్డును వేలితో నొక్కితే పచ్చి అప్పడంలా లొంగింది. పగిలితే అట్టు వేసుకోవచ్చు, లొంగే గుడ్డును ఏం చేయాలో మా ఆవిడకు తోచలేదు.

రెండో పాదంలో యతి తప్పిందని ఛందస్సు తెలిసిన మిత్రుడొకరు ఫోన్ చేశారు. తప్పలేదు. "రెక్క", "ముక్కు", ప్రాసయతి. ఆటవెలదికి చెల్లుతుంది.

ఇక పద్యంలో నిజంగా ఉన్న దోషం చెప్తాను. నీళ్ల మాట లేదు. ఎడారిలో కోడి గురించి నాలుగు పాదాలు రాసి నీళ్లు మరిచిన కవిని ఏమనాలి? మరిచింది పద్యంలోనే కాదు. పోయిన జులైలో పెరట్లో రేకు గిన్నె నిండా నీళ్లు పెట్టి ఆఫీసు పనిలో పడ్డాను. మధ్యాహ్నానికి తెల్లపెట్ట మెస్కీట్ చెట్టు కింద ఒక పక్కకు ఒరిగి ఉంది. గిన్నె నిండుగానే ఉంది. ఆర్నెల్లకని వచ్చి ఉన్న మా నాన్న గిన్నెలో వేలు పెట్టి చటుక్కున తీశాడు. "ఈ కాగిన నీళ్లు నువ్వు తాగుతావురా?" అన్నాడు. పెట్టను ఎత్తుకెళ్లి బకెట్లో పొట్టదాకా చల్లటి నీళ్లలో నిలబెట్టాడు. అరగంటకు మెడ నిలిపింది. మర్నాడు మొక్కల దుకాణం నుంచి వెడల్పాటి మట్టి మూకుళ్లు మూడు తెచ్చి నీడలో పెట్టాడు. పొడిగాలి కదా, కుండలో నీరు చల్లబడినట్టే మూకుట్లో నీరూ చల్లబడింది. ఆగస్టులో గాలికి తేమ వచ్చాక ఆ ఉపాయం పారలేదు. అప్పుడు ఐసుముక్కలు వేశాం, గడ్డకట్టించిన పుచ్చకాయ ముక్కలు వేశాం. ఇంకొక్క మాట: ఇక్కడ ఎండలో పడి ఉన్న పైపు తిప్పగానే వచ్చే నీళ్లు చెయ్యి కాలుస్తాయి. ముందు వచ్చేవి పక్కకు పారబోయాలి.

"యింటి వెనుక" అంటే కట్టేసి కాదు, విడిచి. పొద్దున్నే రెండు గంటలు, పొద్దువాలాక ఒక గంట. చెట్టు కింద గుంత చేసుకుని దుమ్ములో పొర్లుతాయి. దుమ్ము స్నానం పేలకు మందు. తేలు కనపడితే ముక్కుతో కొండి వైపు విదిలించి మింగుతాయి. ఆ ఒక్క పనికే ఆరు కోళ్లను మేపినా గిట్టుబాటే. కాని ఆ రెండు వేళలే కొయోటీలకూ ఇష్టం. హారిస్ డేగలు ఇక్కడ గుంపుగా వేటాడతాయి, ఒకటి తరిమితే ఇంకొకటి ముందు కాస్తుంది. అందుకని కాపలా కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఈ వ్యాఖ్యలో సగం ఆ కుర్చీలో రాసిందే.

"తెల్లవారకుండ": వెలుగు చూసి కోడి కూస్తుందని లోకం అనుకుంటుంది. జపానులో నగోయా విశ్వవిద్యాలయం వారు పుంజులను మసక చీకట్లో ఉంచి చూసి, వాటి ఒంట్లోనే గడియారం ఉందని 2013లో తేల్చారు. గుంపులో పెద్ద పుంజు ముందు కూస్తుందనీ, మిగతావి హోదా ప్రకారం అందుకుంటాయనీ 2015లో చెప్పారు. మా పెరట్లో ఒకే పుంజు, కనక సభాధ్యక్షుడూ వందన సమర్పకుడూ ఆయనే. అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారం ముందుకూ వెనక్కూ జరిపే ఆచారాన్ని అరిజోనా దాదాపు అంతటా వదిలేసింది. ఆ విషయంలో పుంజుదీ రాష్ట్రానిదీ ఒకే సిద్ధాంతం.

"దిక్కు లదర" అతిశయోక్తి కాదు, స్వభావోక్తి. పుంజు నోరు పూర్తిగా తెరిస్తే దాని చెవి రంధ్రం దానంతటదే మూసుకుంటుందని బెల్జియం పరిశోధకులు కనుగొన్నారు. అదిరేవి దిక్కులే, కూసేవాడి చెవి కాదు. ఈ ఏర్పాటు ఉపన్యాసకుల్లోనూ ఉందేమో ఎవరైనా చూడాలి.

పాఠాంతరం: "దిక్కు లదర భర్త" అని మా ఆవిడ పాఠం. గణం చెడదు, ఒప్పుకోవలసిందే. గురకను "కూత" అనడం కుదరదని మాత్రం వాదించాను. వాదం నిలవలేదు.

"పుంజు": గుడ్డుకు పుంజు అక్కర్లేదు, పిల్లకు కావాలి. మరి ఎందుకుంది? ఆరూ ఆడపిల్లలేనని చెప్పి అమ్మారు. నాలుగో నెలలో ఒకటి గొంతు సవరించుకుంది. 2024 చట్టంతో అరిజోనాలో పెరట్లో ఆరు కోళ్ల దాకా పెంచుకోవచ్చు, పుంజులను కాదనే హక్కు మాత్రం ఊళ్లకు వదిలారు. మాది ఊరి హద్దుకు అవతల. కాబట్టి పుంజుకు చట్టబద్ధంగానే నోరుంది.

మా నాన్న గోదావరి జిల్లా మనిషి. పుంజు ఎర్రటి ఈకలు చూడగానే పందెంకోళ్ల భాషలో "డేగరా!" అన్నాడు. తెల్లపెట్టను చూసి, ఇదే పుంజయితే సేతువ అయ్యేదన్నాడు. కుక్కుట శాస్త్రం ప్రకారం ఏ వారం ఏ రంగు నెగ్గుతుందో నడవాలో పచార్లు చేస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. అరిజోనా ఓటర్లు 1998లోనే కోడిపందేలు నిషేధించారని చెప్పాను. "మనకీ నిషేధమేగా?" అన్నాడు అమాయకంగా. పుంజుకు ఒక మంచి గుణం ఉందని చూపించిందీ ఆయనే. పురుగు దొరికితే తను తినదు. తల ఎత్తుతూ దించుతూ పెట్టలను పిలుస్తుంది. ఆకాశంలో నీడ కదిలితే ఒక అరుపు, నేలమీద ఏదైనా వస్తే ఇంకో అరుపు. పెట్టలు మొదటిదానికి పొదల్లో నక్కుతాయి, రెండోదానికి మెడలు నిక్కించి చూస్తాయి.

"పొరుగువారి": ఒంటరి పెద్దాయనకు "వారి" అని బహువచనం గౌరవార్థం. ఆయన తలుపు కొట్టి చెప్పింది పుంజు సంగతే. తెల్లపెట్ట చావు తప్పించుకున్న వారం కూడా పుంజు సంగతే చెప్పాడు. ఆయన్ని అనడానికేం లేదు. రొప్పు గోడ దాటదు, కూత దాటుతుంది. నేనూ పద్యంలో కునుకు చెడిన మనిషికి ఒక పాదం ఇచ్చి, మూకుడుకు అక్షరం ఇవ్వలేదు. ఇప్పుడు రాత్రి పుంజును కిటికీ లేని గూట్లో పెడుతున్నాం. కూత ఆగలేదు, గోడ అవతలికి కొంచెం సన్నగా వెళ్తోందట.

ఫలశ్రుతి: ఈ పద్యం మూడు వేళలా చదివినవారికి గుడ్లు పెరగవు. జులైలో మాకు అయిదు పెట్టల మీద వారానికి నాలుగు వచ్చాయి. అందులో రెండు పక్కింటికి ఇచ్చాం.