ఎంబుక్కులో గుంత లేదు

భీమవరం చుట్టుపక్కల పల్లెల్లో ఏ మంత్రిగారు ఎంతవరకు వచ్చి వెళ్లారో తెలుసుకోవాలంటే పాత పేపర్లు తిరగేయక్కర్లేదు. రోడ్డు మీద ప్యాచీలు ఎక్కడ ఆగాయో చూస్తే చాలు. కాలవగట్టు మలుపు దాకా నల్లగా, నున్నగా ఉందంటే ఆ పక్కనున్న కల్యాణ మండపంలో పెళ్లికి ఆయన వచ్చారన్నమాట. మలుపు దాటగానే గుంతలు మొదలయ్యాయంటే, అటువైపు ఊళ్లలో పెళ్లీడుకొచ్చిన పార్టీవాళ్ల పిల్లలెవరూ లేరన్నమాట. మా ఊళ్లోనూ అలాంటి సంబంధం కోసమే చూస్తున్నారు. కట్నం వద్దు, కాన్వాయ్ వస్తే చాలు.

ప్యాచీ వేసే పని నిలబడి చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని ఒకటుంది. పార్టీ కాదు లెండి, 1934లో పుట్టిన ఇంజినీర్ల సంస్థ. తారురోడ్ల నిర్వహణకే వాళ్లు 82వ నంబరుతో ఓ పుస్తకం వేశారు. గుంతను నాలుగు మూలలొచ్చేలా చెక్కాలి. అంచులు నిలువుగా ఉండాలి. వదులు కంకర తీసేసి, నీళ్లు తోడేసి, దుమ్ము ఊడ్చి, అడుక్కీ అంచులకీ పల్చగా తారు పూయాలి. దాన్ని టాక్ కోటు అంటారు. తర్వాత మిక్స్ వేడిగా వేసి రోలరుతో తొక్కించాలి.

మా రోడ్డుకి వచ్చేది ఓ ట్రాక్టరు, నలుగురు కూలీలు, రెండు పారలు. ప్లాంటు దగ్గర 150 డిగ్రీల సెగతో బయల్దేరిన మిక్స్, దారిలో ఇవే గుంతలు దాటుకుంటూ వచ్చేసరికి చల్లారిపోతుంది. గుంతలో రాత్రి కురిసిన వాన అలాగే ఉంటుంది. దాని మీదే నాలుగు పారలు గుమ్మరించి, పార వెనక్కి తిప్పి రెండు దెబ్బలు వేస్తారు. అంతే.

“రోలరేదండీ?” అనడిగాను మేస్త్రీని.

“రొయ్యల లారీలు తొక్కుతాయి కదండీ,” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో వెటకారం లేదు. పని తెలిసిన మనిషి, చేతిలో రోలరు లేదు.

అమ్మమ్మలు పాత చీరలు ముక్కలు చేసి బొంత కుట్టేవారు. అది ముప్ఫై ఏళ్లు ఉండేది, ఎందుకంటే ముక్కకీ ముక్కకీ మధ్య కుట్టు పడేది. టాక్ కోటు అంటే ఆ కుట్టే. మనవాళ్లు కుట్టు మానేసి ముక్కలు మాత్రం పరుస్తున్నారు. రెండు వానలకి ముక్క లేచిపోతుంది. దానితోపాటు చుట్టూ జానెడు మంచి రోడ్డునీ లాక్కుపోతుంది. లేవని ముక్క ఇంకా ప్రమాదం. రోడ్డుకి బెత్తెడు ఎత్తున గట్టిపడి కూర్చుంటుంది. నిన్నటిదాకా గుంత తప్పించినవాడు ఇవాళ గుట్ట తప్పించాలి.

పాపం, నేల కూడా అనుకూలం కాదు. ఇది డెల్టా. కింద నల్లమట్టి, తడికి ఉబ్బుతుంది, ఎండకి పగులుతుంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చెరువు. పైన ఐసు కరిగి నీళ్లు కార్చుకుంటూ వెళ్లే లారీలు. తారుకి నీళ్లు పడవు. పక్కన డ్రెయిను తవ్వి, కింద పునాది సరిచేస్తే తప్ప ఈ రోడ్డు నిలవదని డిప్లొమా చదివే కుర్రాడు కూడా చెప్తాడు. అయితే డ్రెయిను తవ్వాలంటే రోడ్డు పక్క ఆక్రమణల మీద చెయ్యి వేయాలి. ఆ ఆక్రమణలు ఎవరివో ఇక్కడ రాయను, రేపు ఇదే దారిన బండి మీద వెళ్లాలి.

అసలు రోడ్డు మాత్రం ఒకచోట క్షేమంగా ఉంది. ఎంబుక్కులో. పని ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత మందం జరిగిందో రాసుకునే కొలతల పుస్తకం అది. అందులో ఎక్కకుండా బిల్లు లేదు. అందులో గుంతలన్నీ దీర్ఘచతురస్రాలే. మందం ఎక్కడా ఒక్క మిల్లీమీటరు తగ్గదు. “మా ఊరి దగ్గర గుంత అలాగే ఉందండీ” అని ఆఫీసుకి వెళ్తే, ఓ అధికారి పేజీ తిప్పి చూపించారు. “పూడ్చేశాం కదండీ.” నిజమే, అక్కడ పూడ్చారు. అంత చక్కటి రోడ్డు ఆ బీరువాలో పెట్టుకుని మమ్మల్ని బయట తిప్పుతున్నారేమిటన్నదే నా బాధ.

కాంట్రాక్టరునీ పూర్తిగా తప్పుపట్టలేం. అంచనా కంటే ఇరవై శాతం లెస్‌కి పని పట్టి, పాత బిల్లు కోసం ఏళ్లు తిరిగేవాడు టాక్ కోటు దగ్గర మిగుల్చుకోకపోతే ఎక్కడ మిగుల్చుకుంటాడు? పాత బకాయిలకి భయపడి టెండరుకి ఎవరూ రాని రోజులు కూడా మన రాష్ట్రం చూసింది.

నాయకులకు శ్రద్ధ లేదని అనకూడదు. 2021 గాంధీ జయంతి నాడు ప్రతిపక్షంలో ఉన్న పవన్ కల్యాణ్ గుంతల మీద శ్రమదానం చేశారు. 2024 నవంబరు 2న ముఖ్యమంత్రి చంద్రబాబు అనకాపల్లి జిల్లా పరవాడ మండలంలో గుంతలు లేని రోడ్ల కార్యక్రమం మొదలుపెట్టి, సంక్రాంతికల్లా అయిపోవాలన్నారు. ఏ సంక్రాంతి అని అడిగేవాళ్లు గిట్టనివాళ్లు. పండక్కి హైదరాబాదు నుంచి వచ్చిన మా అల్లుళ్లు మాత్రం కోడిపందేల బరి రోడ్డు కంటే చదునుగా ఉందని మెచ్చుకుని వెళ్లారు.

చట్టమూ ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఏ అనే సెక్షను చేర్చారు. రోడ్డు ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోతే, వైకల్యం పాలైతే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. అదే చట్టంలో హెల్మెట్ లేకపోతే వెయ్యి. రెండో జరిమానా వసూలు చేయడానికి మా సెంటర్లో రోజూ ఓ కెమెరా, ఇద్దరు కానిస్టేబుళ్లు ఉంటారు. వాళ్లు నిలబడేది కూడా గుంత పక్కనే. బళ్లు అక్కడైతేనే నెమ్మదిస్తాయి కదా!

మొన్న ఆఫీసు నుంచి కబురు తెలిసింది. ఈసారి ప్యాచీలు కాదట, మొత్తం రోడ్డు తిరగేసి వేస్తారట. అంచనాలు ఫిబ్రవరిలో వెళ్లాయి, మంజూరు ఏప్రిల్లో వచ్చింది, టెండరు మేలో ఖరారైంది. పని మొదలయ్యేది జూన్ మూడో వారంలో.