మా రోజుల్లో ధాన్యం రైతు ఇంట్లో ఉండేది

దాళ్వా కోతలు మొదలైతే చాలు, మా ఊరి సెంటర్లో ఒకటే రగడ. ధాన్యం అందరం కలిసి సొసైటీకే పోయాలని ఒక జట్టు, ఎవరు రూపాయి ఎక్కువిస్తే వాళ్లకి అమ్ముకునే హక్కు ఉండాలని ఇంకో జట్టు. రెండువైపులా చదువుకున్న కుర్రాళ్లే. మా తోడల్లుడి మనవడు ఉద్యోగం మానుకుని వచ్చి వ్యవసాయం చేస్తున్నాడు. "నా చేను, నా పెట్టుబడి. నా ధాన్యం ఎవరికి అమ్మాలో సొసైటీ గుమాస్తా చెప్పడమేంటి తాతయ్యా?" అంటాడు. వాడి పక్క చేను కౌలుకి చేసే కుర్రాడేమో, "సొసైటీ కాటా లేకపోతే మాకు దళారీ చెప్పిందే ధరండి తాతగారూ. మీవాడు నాలుగు రోజులు ఆగగలడు, నేను ఆగలేను" అంటాడు.

ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. నా బాధల్లా ఒకటే. రోడ్డు మీద రాశి పోసుకుని, మబ్బు వంక చూస్తూ చేస్తున్నారీ వాదన. రేపటిదాకా ధాన్యం ఆపుకోలేని రైతుకి సొసైటీ అయినా, మిల్లరయినా, పొరుగు రాష్ట్రం వర్తకుడయినా ధర చెప్పేది ఎదుటివాడే. మా రోజుల్లో ధర సగమైనా రైతు నోట వచ్చేది. ఎందుకు వచ్చేదో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

సార్వా కోసి పనలు చేలోనే ఆరనిచ్చేవాళ్లం. ఆరిన పనల్ని కట్టలు కట్టి మెరక మీద కుప్ప వేసేవాళ్లం. కంకులు లోపలికి, మొదళ్లు బయటికి ఉండేలా, పైన వాలు తీసి, ఎంత వానొచ్చినా చుక్క నీరు దిగకుండా కుప్ప వేయగల చెయ్యి ఊరు మొత్తం మీద నలుగురైదుగురికే ఉండేది. వాళ్లని బతిమాలి పిలుచుకునేవాళ్లం. పండగ వెళ్లాక తీరిగ్గా నూర్పిళ్లు. తొక్కించి, తూర్పారబట్టి, రాశి పోసేసరికి గింజ పంటి కింద టక్కుమని విరిగేది. ఆ ధాన్యం గాదెలోకో, గడ్డితాడు చుట్లు చుట్లుగా వేసి కట్టిన పురిలోకో చేరేది. సరిగ్గా కప్పు వేస్తే వానాకాలం గడిచినా గింజ చెడేది కాదు.

కమీషను వ్యాపారి వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. మిల్లులన్నీ నిండిపోయాయనీ, ఇవాళ ఇవ్వకపోతే రేపు ఈ ధర కూడా రాదనీ చెప్పేవాడు. మా నాన్న మజ్జిగ ఇప్పించి పంపేసేవారు. జ్యేష్ఠంలో, ఆషాఢంలో బజారులో బియ్యం తగ్గాక అదే మనిషి మళ్లీ వచ్చేవాడు. అప్పుడు మాట్లాడే తీరే వేరుగా ఉండేది. అందరి ఇళ్లలోనూ పురులు ఉండేవా అంటే, ఉండేవి కావు. అప్పున్నవాడు కళ్లంలోనే కొలిచి ఇచ్చేసేవాడు. అది నేను దాచను. అయినా ఊళ్లో పదిళ్లలో ధాన్యం నిలవుంటే, కళ్లంలో అమ్ముకునేవాడికి కూడా మరీ చులకన ధర చెప్పడానికి వ్యాపారి జంకేవాడు.

ఇవాళ కోత మిషను పొద్దున చేలో దిగితే మధ్యాహ్నానికి ధాన్యం ట్రక్కులో ఉంటుంది. కూలీలు దొరకని కాలంలో అది తప్పదు, మిషనుని తిట్టను. కానీ అది ఇచ్చేది పచ్చిగింజ. ప్రభుత్వ కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు, కోసిన రోజు గింజలో అంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది. దాన్ని గాదెలో పోస్తే వేడెక్కి రంగు మారుతుంది. ఆరబెట్టుకుందామంటే కళ్లాలేవీ? మెరకలన్నీ ఇళ్ల స్థలాలయ్యాయి, పల్లాలు చేపల చెరువులయ్యాయి. మిగిలింది తారురోడ్డు, అద్దె బరకాలు. రైతు బేరమాడే బలం ఏ చట్టం వల్లా పోలేదు, కళ్లం పోయిననాడే పోయింది.

2025-26 సీజనుకి కేంద్రం సాధారణ రకానికి క్వింటాకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకి 2,389 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. మా 75 కిలోల బస్తా లెక్కలో సుమారు 1,777, 1,792. ఆ అంకె కాగితం మీద బాగానే ఉంటుంది. తేమ, తాలు, నూక అంటూ ఒక్కొక్కటీ తీసేశాక చేతికొచ్చేది చూడండి. సాయంత్రం ఉరుము వినపడితే, ఆ తీసివేతలన్నిటికీ రైతే ముందుగా ఒప్పేసుకుంటున్నాడు.

అందుకే స్వేచ్ఛ కావాలనే మా మనవడికి చెబుతాను. అబ్బాయీ, నువ్వడిగే స్వేచ్ఛ మన గోదావరి రైతుకి ఎప్పటినుంచో ఉంది. 1966లో మన రాష్ట్రానికి వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది, యార్డులు కట్టారు. గుంటూరు మిర్చి యార్డుకి వెళుతుంది, నిజామాబాదు పసుపు యార్డుకి వెళుతుంది. మన వడ్లు ఎక్కువ భాగం యార్డు గడప తొక్కకుండా కళ్లంలోంచే మిల్లుకి పోయాయి. 2020లో కేంద్రం తెచ్చిన మూడు చట్టాల్లో ఒకటి యార్డు బయట ఎక్కడైనా అమ్ముకోవచ్చన్నది. పంజాబు రైతు ఢిల్లీ సరిహద్దులో ఏడాదిపాటు కూర్చున్నాడంటే, ఆయనకి నడిచే యార్డు ఉంది, అది పోతుందని భయం. 2021 నవంబరులో ఆ చట్టాలు రద్దయ్యాయి. బిహార్ 2006లోనే తన మార్కెట్ చట్టాన్ని తీసేసింది. అక్కడి చిన్న రైతు ఇప్పటికీ మద్దతు ధర కంటే తక్కువకే అమ్ముకుంటున్నాడు. అమ్ముకునే స్వేచ్ఛ ఉంది గదా, ధర ఎందుకు రాలేదు?

ఇంకో సంగతి. 2023 జులైలో కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. 2024 సెప్టెంబరు దాకా ఆ నిషేధం నడిచింది. ఆఫ్రికా దేశాలకి మన బియ్యం వెళ్లే కాకినాడ రేవు మనకి కూతవేటు దూరం. ఎవరికైనా అమ్ముకోవచ్చన్న రైతు ఆ పద్నాలుగు నెలలూ ఏం చేయగలిగాడు? 2011 దాకా కూడా అలాంటి నిషేధమే ఏళ్లతరబడి నడిచింది. నాలుగెకరాల రైతు ఒక్కడే వెళ్లి ఢిల్లీలో ఎవరి తలుపు తడతాడు?

అలాగని ప్రభుత్వమే మొత్తం కొనేయాలి, ఇంకెవరూ కొనకూడదు అనే మాటకి నేను ఒప్పుకోను. ఆ కాలమూ చూశాం. 1957లో దక్షిణ రాష్ట్రాలన్నీ కలిపి ఒక బియ్యం జోను చేశారు, 1964లో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే జోను అన్నారు. సరిహద్దు చెక్‌పోస్టులో లారీ ఆపేవారు. అవతల రాష్ట్రంలో బియ్యం దొరక్క జనం అల్లాడుతుంటే, ఇవతల మా వడ్ల ధర లేచేది కాదు. 1973లో గోధుమ టోకు వ్యాపారం మొత్తం కేంద్రమే తీసుకుంది, ఏడాది తిరక్కుండానే వదిలేసింది. ఇక లెవీ. మన రాష్ట్రంలో ఒక దశలో మిల్లరు ఆడించిన బియ్యంలో 75 శాతం దాకా ప్రభుత్వానికి లెవీ ధరకి ఇవ్వాల్సి వచ్చింది. ఆ నష్టం మిల్లరు తన జేబులోంచి పెట్టుకోలేదు, మా బస్తా ధరలోంచి పట్టుకున్నాడు. 2015లో గాని లెవీ పూర్తిగా పోలేదు.

ఈ తగాదా మన తెలుగు రైతుకి కొత్తది కాదు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం సహకార సేద్యం తీర్మానం చేసినప్పుడు, నిడుబ్రోలు నుంచి వెళ్లిన ఎన్.జి. రంగా గారు పార్టీలోంచే బయటికొచ్చారు. రాజాజీ గారితో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షులయ్యారు. మా ఊళ్లో ఆయన్ని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, తిట్టినవాళ్లూ ఉన్నారు. కానీ ఇరువర్గాల పెద్దలూ ఒక మాట మీదుండేవారు. భూములు కలిపేయడం వేరు, పండించుకున్నది అమ్ముకోవడానికి కలవడం వేరు. మా ఊళ్లో మొదటిదానికి అడ్డం నిలబడ్డ మనిషే రెండోదానికి, అంటే సొసైటీకి, వాటా డబ్బు కట్టాడు.

అప్పటి సొసైటీకి సభ్యుల బలం ఉండేది. ప్రెసిడెంటు మన ఓటుతో గెలిచినవాడు. తప్పు చేస్తే సర్వసభ్య సమావేశంలో నిలదీసేవాళ్లం, కేకలు వేసుకునేవాళ్లం, మళ్లీ ఎన్నికలకి దింపేసేవాళ్లం. మన ఆంధ్రలో సొసైటీలకి చివరిగా 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు తీరాక మళ్లీ ఓటు లేదు, ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీలు వచ్చాయి. ఏ పార్టీ వస్తే ఆ పార్టీ మనుషులు. అలాంటి సొసైటీని రైతులది అని ఎలా అంటాం? మా మనవడికి దాని మీద నమ్మకం లేకపోవడంలో తప్పేముంది?

2011లో కోనసీమ రైతులు సార్వా వేయడం మానేశారు. దేశమంతా ఆశ్చర్యపోయింది, ప్రభుత్వం మోహన్ కందా గారితో కమిటీ వేసింది. ఖర్చుకి తగ్గ ధర లేదు, కూలీలు లేరు, గోదాముల్లో చోటు లేదు. అంతమంది రైతులు ఒక్కమాట మీదకి వచ్చారంటే మనవాళ్లకి కలవడం చేతగాదని అనడానికి లేదు. వచ్చింది మాత్రం పంట వేయకుండా ఉండటానికి. పండిన పంటని నిలబెట్టి అమ్ముకోవడానికి అదే ఐకమత్యం ఎందుకు రాదని నాకు ఇప్పటికీ దుఃఖంగా ఉంటుంది.

ఆ ఐకమత్యం వచ్చిన చోటు ఒకటి ఉంది. పాత కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ముల్కనూరు. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు అక్కడ సహకార పరపతి, మార్కెటింగ్ సంఘం మొదలుపెట్టారు. కాలవ నీళ్లు లేని మెట్ట ప్రాంతం, మనలా గోదావరి పక్కన లేదు. ఆ సంఘమే సభ్యుడికి అప్పిస్తుంది, విత్తనం, ఎరువు ఇస్తుంది, పండాక అదే పంట కొంటుంది. సొంత రైసు మిల్లు ఉంది, పత్తి జిన్నింగు ఉంది, విత్తన శుద్ధి ఉంది. మిగులు వస్తే సభ్యులకి పంచుతుంది. సభ్యుడు బయట అమ్ముకుంటే ఎవరూ జైల్లో పెట్టరు. సంఘం మేలైన ధర ఇస్తోంది గనక, ఇవాళ కాదన్నా రేపు కొంటుంది గనక రైతు అక్కడికే తెస్తాడు. డెబ్బై ఏళ్లుగా నిలబడింది. పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం 1995లో దేశంలో ముందుగా మనమే తెచ్చుకున్నాం. ప్రభుత్వం చెయ్యి పెట్టని సంఘం పెట్టుకునే దారి అప్పుడే పడింది. డెల్టాలో దాన్ని వాడుకున్న ఊళ్లు ఎన్ని?

గోదాములో సరుకు పెట్టి రసీదు మీద అప్పు తీసుకునే ఏర్పాటూ ఉంది. గిడ్డంగుల చట్టం 2007లో వచ్చింది. అంతకుముందే మార్కెట్ కమిటీలు రైతుబంధు పేరుతో సరుకు మీద అప్పు ఇచ్చేవి (తెలంగాణలో తరవాత వచ్చిన పెట్టుబడి సాయం కాదు, ఇది వేరే). ధాన్యం గోదాములో, సగానికి పైగా డబ్బు చేతిలో ఉంటే కౌలు రైతు కూడా ఆషాఢం దాకా ఆగగలడు. కాకపోతే గోదాములో పెట్టాలంటే గింజ ఆరాలి. మళ్లీ కళ్లం దగ్గరికే వచ్చాం. ఊరికొక ఆరబెట్టే యంత్రం, దాని పక్కన గోదాము లేకుండా ఏ పథకమూ వడ్ల రైతు దాకా రాదు.

కౌలు రైతు సంగతి వదిలేసి ఈ మాటలేవీ మాట్లాడకూడదు. డెల్టాలో చేలో దిగేది ఎక్కువగా వాళ్లే. 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. 2019 చట్టంలో భూయజమాని సంతకం పెడితేనే సాగు హక్కు కార్డు. సంతకం పెట్టని ఆసామి మన మధ్యనే ఉన్నాడు, మన చుట్టమే. కౌలు రైతుని బయట నిలబెట్టి కట్టే సంఘం ఎవరి ధాన్యం అమ్ముతుంది?

అబ్బాయిలూ, సెంటర్లో గొంతు చించుకోవడం కాస్త ఆపండి. ముందు సొసైటీ ఎన్నికలు పెట్టమని రెండు జట్లూ ఒకే అర్జీ మీద సంతకాలు చేయండి. భూమి ఉన్నవాళ్లు మీ కౌలుదారు కార్డు మీద సంతకం పెట్టండి. ఎకరానికి ఇంత అని వేసుకుని, వచ్చే సార్వా కోతలలోపు ఊరికొక డ్రయ్యరు, ఒక గోదాము నిలబెట్టండి. మెరక మీద స్థలం దొరక్కపోతే నా కళ్లం స్థలం ఉంది, తీసుకోండి. ధాన్యం ఆరి, లోపలికి చేరాక సొసైటీకి పోస్తారో, బయట అమ్ముతారో అప్పుడు కూర్చుని తేల్చుకోండి.