లామినేషన్ చేసిన సమానత్వం

సమానత్వాన్ని ముచ్చటగా లామినేషన్ చేయించి గోడకు తగిలించడంలో మన కాథలిక్ కాన్వెంట్లను మించినవాళ్ళు లేరు. కార్పొరేట్ బళ్ళకు ఆ విద్య అబ్బలేదు. ర్యాంకుల ఫ్లెక్సీ కట్టేసి, తాము వ్యాపారులమని వాళ్ళు నిజం చెప్పేసుకుంటారు. మనకు ఆ ఖర్మేమిటి? పేదవాళ్ళనూ, ఇంటి ఆసరా లేనివాళ్ళనూ ముందు చూడమని రెండో వాటికన్ మహాసభ 1965లోనే విద్యా ప్రకటనలో చెప్పింది. ఉదయం అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమని మన పీఠాధిపతులు 2024లో చెప్పారు. పిల్లలు చదువుతున్నారు కూడా. సమానత్వం, సౌభ్రాతృత్వం దాకా గొంతెత్తి చదివి, ఆ వెంటనే అదే మైకులో ఫీజు బాకీ ఉన్నవాళ్ళ పేర్లు వింటున్నారు.

ఇప్పుడు మానసిక ఆరోగ్య వారోత్సవాలొచ్చాయి. ఎ సెక్షన్‌లో ఒలింపియాడ్ బుర్రలు, డి సెక్షన్‌లో దేవుడి దయ. ఒకే కాంపౌండులో చాతుర్వర్ణ్యం. వారోత్సవంలో మాత్రం డి సెక్షన్‌కే ముందుగా స్మైలీ బ్యాడ్జీలు పంచుతాం. స్లిప్ టెస్ట్ తప్పినవాణ్ణి బ్యాడ్జీతో సహా వరండాలో మోకాళ్ళ మీద నిలబెడతాం. అదీ ప్రార్థన భంగిమే కదా, తప్పేముంది!

విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులుంటే అర్హతగల కౌన్సెలర్‌ను పెట్టాలంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం సాధ్యమైనంత వరకు మానుకోమంది. తీర్పు మొత్తంలో మనకు నచ్చింది ఆ ‘సాధ్యమైనంత వరకు’.

కౌన్సెలర్‌నూ పెట్టాం. మోరల్ సైన్స్ చెప్పే టీచరమ్మ మెళ్ళో ఇంకో ఐడీ కార్డు వేశాం. ఏడో తరగతి పిల్ల రెండో పీరియడ్‌లో ఆమె దగ్గర ఏడిస్తే, ఇంటర్వెల్ బెల్లుకి స్టాఫ్ రూమంతా తెలుస్తుంది, సాయంత్రానికి తల్లికి ఫోనొస్తుంది. పాపసంకీర్తనంలో విన్నది గురువు బయటపెడితే పదవి నుంచి దించి మఠంలో పడేయాలని 1215లో నాలుగో లాతరన్ మహాసభ శాసించింది. ఎనిమిది వందల ఏళ్ళుగా రహస్యం కాపాడటంలో ఆరితేరిన తిరుసభ మనది. మన బళ్ళో ఒక పిల్ల ఏడుపు మధ్యాహ్న భోజనం దాకా ఆగదు. ఆ స్టాఫ్ రూమును ఏ మఠంలో పడేయాలో కానన్ చట్టం తెలిసినవాళ్ళు సెలవివ్వాలి. ఇక వైద్యమంటారా, ‘ఇంకాస్త ప్రార్థన చెయ్యమ్మా’. జ్వరమొస్తే జపమాలతో పాటు పారాసెటమాల్ కూడా ఇస్తాం. దిగులు దగ్గరికొచ్చేసరికే మనకు డాక్టరు గుర్తురాడు.

కులం సంగతి మనమే రాసుకున్నాం. దేశంలో 1.9 కోట్ల మంది కాథలిక్కుల్లో 1.2 కోట్ల మంది దళితులని, నాయకత్వంలో మాత్రం వాళ్ళ వాటా బహు తక్కువని 2016లో పీఠాధిపతుల సమాఖ్యే ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు తొలి దళిత కార్డినల్ అయితే పండగ చేసుకున్నాం, చేసుకోవాల్సిందే. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని ప్రభుత్వాన్ని అడుగుతున్నాం, అదీ న్యాయమే. గేటు దగ్గర ఆయమ్మ ఏ పేట నుంచి వస్తుందో, ఆమె కూతురు ఏ బళ్ళో చదువుతుందో మాత్రం ఎవరూ అడక్కూడదు.

ఏజెన్సీ గూడేల్లో, బధిరుల బళ్ళలో జీవితాలు ధారపోసిన సిస్టర్లున్నారు. ఈ రాత వాళ్ళ మీద కాదు. వాళ్ళ ఫొటోలు బ్రోచర్లో వేసి పట్నంలో బిల్డింగ్ ఫండ్ వసూలు చేసేవాళ్ళ మీద.

మైనారిటీ బళ్ళకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పేదపిల్లలకు 25 శాతం సీట్ల నిబంధన మనల్ని తాకలేదు. అక్కర్లేదంది గానీ, చేర్చుకుంటే జైల్లో వేస్తామనలేదు. మనకు అలాగే వినిపించింది పాపం. ఆ తీర్పు సరైనదేనా అని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తులు సందేహించి పెద్ద ధర్మాసనం వైపు నెట్టేసరికి, ఆర్టికల్ 30 మళ్ళీ కంఠస్థం చేస్తున్నాం. ఆ హక్కు విలువైనదే. కాకపోతే దాని మీద కట్టిన పట్నపు బళ్ళలో మైనారిటీలే మైనారిటీ.

కరస్పాండెంట్ ఫాదర్ గారూ, వచ్చే ఏడు వారోత్సవానికి షామియానా వద్దు, ముఖ్య అతిథీ వద్దు. ఎల్‌కేజీ అప్లికేషన్ తీయండి. మూడున్నరేళ్ళ బిడ్డకు ఇంకా పలక పట్టడం రాదు కాబట్టి అందులో పరీక్ష అమ్మానాన్నలకు. చదువు, వృత్తి, నెలసరి ఆదాయం. మన బడి పునీత జోజప్ప గారి పేరు మీదే నడుస్తోంది. ఆయనే వచ్చి వృత్తి దగ్గర వడ్రంగి అని రాస్తే వెయిటింగ్ లిస్టే. ఆ మూడు గడులూ కొట్టేయండి. ఫారం ఒక్క పేజీలో సరిపోతుంది, ప్రింటింగ్ ఖర్చూ కలిసొస్తుంది. దాన్ని ప్రాస్పెక్టస్‌తో కలిపి ఎంతకు అమ్ముతున్నామో ఇక్కడ రాయను లెండి.